‘నాకేం జబ్బు లేదు’ అంటోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. బాగా చిక్కిపోయింది. డాక్టరు అనొరెక్సియా (లావవుతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు) అన్నారు. కౌన్సెలింగ్‌కి రానంటోంది. బతిమాలినా, తిట్టినా లాభం లేదు.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అది మొండితనం కాదమ్మా, జబ్బులో భాగమే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు 24 వారాలు తిండి బాగా తగ్గించి చూశారు. వాళ్లకూ దిగులు, చిరాకు, ఎప్పుడూ తిండి ధ్యాసే. అంటే తిండి లేకపోవడమే మనసును అలా మార్చేస్తుంది. కాబట్టి ‘తనంతట తను మారాలనుకున్నాకే’ అని ఆగకండి.

మారమని మీరు వాదించే కొద్దీ, మారకపోవడానికి తను కారణాలు వెతుక్కుంటుంది. థెరపిస్టులు వేరేలా అడుగుతారు: ‘మారాలని 10కి ఎంత ఉంది?’ తను 2 అంటే, ‘8 ఎందుకు కాదు?’ అనరు, ‘సున్నా ఎందుకు కాదు?’ అంటారు. జుట్టు ఊడుతోందనో, చదువు బుర్రకెక్కట్లేదనో అప్పుడు తన నోటే వస్తుంది. అక్కడ ఉపన్యాసం మొదలుపెట్టారో, మళ్లీ మొదటికే.

తిండి విషయంలో మాత్రం బేరాల్లేవు. రోజుకి మూడు భోజనాలు, రెండు మూడు చిరుతిళ్లు; కంచంలో వడ్డన మీదే. పక్కన కూర్చోండి, తిన్నాక గంటసేపు తోడుండండి. కేలరీల ఊసొద్దు. సాధారణంగా బెడిసికొట్టేది ఎక్కడంటే, అమ్మ పట్టుబడితే నాన్న ‘పోనీలే’ అనేచోట.

రోజుల తరబడి దాదాపు ఏమీ తినకపోతే ఒక్కసారిగా ఎక్కువ పెట్టకండి. రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. ముందు రక్తపరీక్ష చేయించాలి. నాడి నిమిషానికి 50 కన్నా తగ్గినా, కళ్లు తిరిగి పడిపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, తను వద్దన్నా సరే.