డేటాబేస్ రికార్డులు పేజీలో వాటంతట అవే మారాలంటే పీహెచ్‌పీలో లూప్ పెడితే చాలదా?

చాలదు, డేటాబేస్ నుంచి రికార్డులు తెచ్చేది పీహెచ్‌పీయే కానీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి తిప్పాల్సింది బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్. పీహెచ్‌పీ ఉండేది సర్వర్‌లో, పేజీ తయారుచేసి పంపేశాక దాని పని అయిపోతుంది, ఆ తర్వాత మీ స్క్రీన్ మీద ఏం జరుగుతోందో దానికి తెలియదు.

టేబుల్‌లో 20 సామెతలున్నాయి, 5 సెకన్లకొకటి కనిపించాలి అనుకుందాం. ఒకే క్వెరీతో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ఇరవైనీ తెచ్చి జేసన్ రూపంలో, అంటే జావాస్క్రిప్ట్ చదవగలిగే జాబితాలా, పేజీలో పెట్టేయండి. ఒక పనిని ఇంత సేపటికోసారి అని మళ్లీ మళ్లీ చేయించే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ సెట్‌ఇంటర్వల్‌కి 5000 ఇవ్వండి (అది మిల్లీసెకన్ల లెక్క, 5 అని ఇచ్చారో సామెతలు కళ్లు తిరిగేలా పరిగెడతాయి). ప్రతిసారీ కనిపిస్తున్న సామెత వరుస నంబరుకి 1 కలిపి 20తో భాగించగా మిగిలే శేషమే తర్వాతి నంబరు. లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి 19 తర్వాత మళ్లీ 0కే వస్తుంది, చివర్లో ఖాళీ పెట్టె కనిపించే గొడవ ఉండదు.

చాలామంది పొరబడేదెక్కడంటే, పీహెచ్‌పీ లూప్‌లో 5 సెకన్ల స్లీప్ (అంతసేపు ఆగమనే ఆదేశం) పెడితే ఆగి ఆగి మారతాయనుకుంటారు. మామూలుగా జరిగేది, 100 సెకన్లు తెల్ల పేజీ చూసి చూసి చివరికి అన్నీ ఒక్కసారే వచ్చిపడటం. ముక్కలుగా పంపించినా ఒకదాని కింద ఒకటి పేరుకుంటాయే తప్ప పాతది పోదు. ప్రతి మార్పుకీ డేటాబేస్‌ని అడగడం కూడా సామెతలకి దండగ, క్రికెట్ స్కోరులాగా డేటాయే మారుతుంటే తప్ప.