వాక్యం చెప్పబోతున్న బాబుకి పెద్దమ్మ ఉత్తరం

గుణుపురం

బాబూ,

వచ్చే ఆదివారం పర్లాకిమిడిలో యౌవనస్థుల కూడికకి నువ్వే వాక్యం చెబుతున్నావట, అదీ దేవుని తీర్పు మీద. మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే సంతోషం పట్టలేక పక్కింటివాళ్లకీ చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక టెన్షన్ మొదలైంది. నువ్వసలే కోపిష్టివి.

మైకు మింగేసేలా మాట్లాడకు. అరగంట దాటనివ్వకు. మన పిల్లల్లో చాలామంది ఒడియా మీడియం, తెలుగు చదవలేరు. వచనాలు నిదానంగా రెండేసి సార్లు చదువు.

ఇక నా భయం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి జనం పోయారు, నీకు గుర్తుందో లేదో. దారులు తెరుచుకున్నాక మేం కొందరం బియ్యం, దుప్పట్లు పట్టుకుని ఒక ఊరికి వెళ్లాం. మాతో వచ్చిన బోధకుడు ఒకాయన, కొడుకుని పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి నోవహు జలప్రళయం ఎత్తుకున్నాడు. పాపం పండితే దేవుడు ఇలాగే చేస్తాడన్నాడు. ఆమె ఏడవలేదు. ఆయన అటు వెళ్లగానే నా చెయ్యి పట్టుకుని తన తప్పులు లెక్కపెట్టడం మొదలెట్టింది. పండగపూట అత్తతో పోట్లాడిందట. పక్కింటి కోడి తన పెరట్లో గుడ్డు పెడితే తిరిగి ఇవ్వలేదట. "ఆ గుడ్డుకేనా అమ్మా?" అని అడిగింది. ఆయన చెడ్డవాడు కూడా కాదురా. కొండెక్కేటప్పుడు అందరికంటే ఎక్కువ బరువు మోసింది ఆయనే.

లూకా 13 చదువు. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్లు మిగతా యెరూషలేము వాళ్లకంటే పాపులనుకుంటున్నారా అని యేసే అడిగాడు, కాదని ఆయనే చెప్పాడు. మారుమనస్సు పొందకపోతే మీరూ నశిస్తారని మాత్రం ఎదురుగా వింటున్నవాళ్లని హెచ్చరించాడు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గర ఆయన స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా కూర్చున్నంతవరకూ బాగానే ఉన్నారు. నీ పాపమే నిన్ను ఇలా చేసిందని మొదలెట్టాక, చివరికి దేవుని కోపం వాళ్ల మీదే రగిలింది. తండ్రి దోషం కొడుకు మోయడన్న యెహెజ్కేలు 18 కూడా రాసుకో.

పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, పేతురు ముందు చచ్చిపడిన భార్యాభర్తలు అననీయ సప్పీరాల కథ చెప్పాలని నీకు ఉబలాటం, నాకు తెలుసు. చెప్పు. కాకపోతే వాళ్ల తప్పు డబ్బు దాచుకోవడం కాదు, అంతా ఇచ్చేశామని అబద్ధమాడటం. చందాలు పెంచడానికి ఆ కథ వాడేవాళ్లు మనకి చాలామందే ఉన్నారు, నువ్వూ వాళ్లలో చేరకు.

ఇంకోటి. మీ నాన్నతో గట్టు తగాదా పడ్డవాళ్లూ అదే చర్చికి వస్తారు. శత్రువుల నాశనం కోరే కీర్తనలు తీసి వాళ్ల వైపు చూశావంటే నేను ఊరుకోను. పగతీర్చుట నా పని అని దేవుడన్నాక అది నీ పని కాదు. రోమా 12లో ఆ మాట వెనకే శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టమని ఉంది. కోర్టులో కేసు నడవనీ, అది వేరు. నువ్వు మాత్రం వేళకి తిను, మీ నాన్నలాగా కోపాన పస్తుండకు. చిన్నప్పుడు అలిగి నా ఒళ్లోనే నిద్రపోయేవాడివి.

తీర్పు గురించి చెప్పవద్దనడం లేదు నాన్నా. ఆమోసు 8 తీసుకో. కొలత తగ్గించి, ధర పెంచి, దొంగ త్రాసుతో పేదవాళ్లని మోసం చేసేవాళ్ల మీద దేవుడు ఎలా మండిపడ్డాడో అక్కడుంది. కొండ దిగి సవర గిరిజనులు తెచ్చే చింతపండుని మనవాళ్లు సంతలో ఏ కాటా మీద తూస్తారో అందరికీ తెలిసిందే. ఆదివారం మీ మామయ్య ముందు వరసలోనే కూర్చుంటాడు. ఆయన కొట్లో తూకం సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన మొహం వైపు చూడకు. అలాగని ఆ వచనం వదిలేయకు.

మీ పెద్దమ్మ