బ్లాక్ క్యాట్ మొదటి వాల్యూములు వదిలేసి మధ్యలోంచి మొదలుపెట్టొచ్చా?

వద్దండీ, వదిలేయకండి. మీరు అడిగినవి రెండు. ఈ జపనీస్ కామిక్ (అక్కడ మాంగా అంటారు) మొత్తం 20 వాల్యూముల్లో మొదటి నాలుగూ నత్తనడక అంటున్నారు కదా, అవి దాటేసి క్రీడ్ అనే పెద్ద విలన్‌తో గొడవ ముదిరే దగ్గర పట్టుకోవచ్చా అన్నది ఒకటి. ఆ ముందు భాగానికి దీని యానిమే, అంటే టీవీ కార్టూన్ సిరీస్, చూసేస్తే సరిపోదా అన్నది రెండోది. నా సంగతి చెప్తాను: నేను మళ్లీ మళ్లీ తీసేది ఆ మొదటి నాలుగింటినే. చివరి పదీ ఒక్కసారి చదివి పక్కన పెట్టాను.

అవి నాకు ఆబిడ్స్‌లో, ఆదివారం పుస్తకాల ఫుట్‌పాత్ మీద దొరికాయి. విజ్ అనే ప్రచురణ సంస్థ వాళ్ల ఇంగ్లిష్ ప్రతులు, నాలుగూ కలిపి పురికొసతో కట్టి ఉన్నాయి. విడిగా ఇవ్వనన్నాడు. బేరమాడి నాలుగొందలకు తెచ్చుకున్నాను. అప్పటికి ఆ కథ గురించి నాకు ఓనమాలు కూడా తెలియవు. అదే కలిసొచ్చింది.

ఎందుకంటే మొదట కనిపించే ట్రెయిన్ హార్ట్‌నెట్ ఒట్టి తిండిపోతు. పాలంటే ప్రాణం. మెడలో పిల్లికి కట్టినట్టు చిన్న గంట. పక్కన స్వెన్ వోల్‌ఫీడ్: టోపీ, సూటు, ఒక కంటికి గంత, చేతిలో రకరకాల సరంజామా దాచిన పెట్టె. తలకు వెల కట్టిన నేరస్థుల్ని పట్టిచ్చి ఆ డబ్బుతో బతకడం వీళ్ల పని. కథలో ఈ వృత్తివాళ్లని స్వీపర్లు అంటారు. (మనకు స్వీపర్ అనగానే చీపురు గుర్తొస్తుంది. వీళ్లు ఊడ్చేది నేరస్థుల్ని.) ఎంత పెద్ద తలకాయని పట్టినా చేతిలో చిల్లిగవ్వ నిలవదు. ఒకడు తింటూంటే ఇంకొకడు లెక్కలు చూసి తల పట్టుకుంటాడు. బౌంటీ హంటర్ కథలంటే తుపాకులే అనుకునేవాణ్ని. నన్ను పట్టేసింది ఈ నెలాఖరు బతుకు.

ఇక అసలు విషయం. ఈ తిండిపోతు ఒంటి మీద, మెడకి కాస్త కింద ఎడమవైపు, రోమన్ అంకెల్లో పదమూడు పచ్చబొట్టు ఉంటుంది. అతని నల్ల రివాల్వర్ హేడిస్ మీద కూడా అదే అంకె. లోకాన్ని చాటున శాసించే క్రోనోస్ అనే సంస్థకి ఒకప్పుడు ఇతను కిరాయి హంతకుడు. మారుపేరు బ్లాక్ క్యాట్. ఎదురుపడ్డవాడికి అపశకునం మోసుకొచ్చానని చెప్పడం ఇతని అలవాటు. పిల్లి ఎదురొస్తే గుమ్మంలో ఆగిపోయి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరే ఇళ్లలో పెరిగినవాళ్లం కదా, ఆ మాట మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడతను చంపడు, పట్టిస్తాడు. కానీ చేతిలో ఉన్నది అదే తుపాకి. ఆ తుపాకి పైకి లేచిన ప్రతిసారీ, పాత మనిషి బయటికొస్తాడా రాడా అని చదివేవాడికి లోపల ఒక గుబులు. మొదటి వాల్యూముల బలమంతా అక్కడే ఉంది.

యానిమే ఈ వరస మార్చేసింది. 2005లో వచ్చిన ఆ సిరీస్ ట్రెయిన్ ఇంకా క్రోనోస్‌లో ఉన్న రోజుల నుంచే మొదలవుతుంది. మా పిన్ని కొడుకు ముందు అది చూసి, తర్వాత నా దగ్గర మొదటి వాల్యూము పట్టుకెళ్లాడు. రెండు రోజులకి ఫోన్: "అసలు కథ ఎప్పుడు మొదలవుతుంది అన్నయ్యా?" వాడి తప్పేం లేదు. మాంగా దాచిపెట్టి చూపించేదంతా వాడికి ముందే తెలిసిపోయింది, ఇక గుబులు ఎక్కణ్నుంచి వస్తుంది? కాబట్టి చూస్తే తర్వాత చూడండి.

నత్తనడక అన్న ఫిర్యాదులో కొంత నిజముంది. ఇది 2000 నుంచి 2004 దాకా వీక్లీ షోనెన్ జంప్ అనే జపనీస్ కామిక్ పత్రికలో వారం వారం వచ్చింది. మొదలయ్యేనాటికి దీన్ని రాసి గీసిన కెంతారో యాబుకికి ఇరవై ఏళ్లు. అంతకు ముందు ఏడాది వేసిన సీరియల్ ఎక్కువ కాలం నిలవలేదు. ఆ పత్రికలో ఏ కథ నచ్చిందో పాఠకులు అప్పట్లో కార్డు మీద రాసి పంపేవాళ్లు, వెనకబడ్డ సీరియల్‌ని కొద్ది నెలల్లోనే ముగించేసేవాళ్లు. అందుకే మొదట్లో వారానికో నేరస్థుడు, వారానికో పోరాటం. ఆ చిల్లర విలన్లలో ఒక్కడి పేరు కూడా నాకిప్పుడు గుర్తులేదు.

ఈవ్ వచ్చాక మాత్రం లెక్క మారుతుంది. రిన్స్‌లెట్ అనే దొంగ వీళ్లిద్దర్నీ టోర్నియో అనే ఆయుధాల వ్యాపారి వ్యవహారంలోకి లాగుతుంది. అతను నానో యంత్రాలతో ఆయుధంగా తయారు చేయించిన చిన్నపిల్ల ఈవ్. చెయ్యి కత్తిగా మారిపోతుంది. ఆ పిల్లని అక్కడ వదిలిరాలేక స్వెన్ పడే బాధ చూశాకే నాకు అతను పక్కపాత్ర కాదని తెలిసింది. తర్వాత ఈవ్ వీళ్లతో చేరి, పుస్తకాల్లో తల దూర్చి, ట్రెయిన్‌తో పోటీ పడుతుంది. అతనేమో ఆమెని యువరాణీ అని ఉడికిస్తాడు. క్రీడ్ దగ్గర మొదలుపెడితే ఈ ముగ్గురూ ఒక ఇల్లుగా ఎలా కుదిరారో మీకు తెలియదు, ఆ తర్వాత వాళ్లకి దెబ్బ తగిలినా మీకు తగలదు. పైగా అక్కణ్నుంచి అతీత శక్తుల కొట్లాటలు ఎక్కువై, డబ్బుల్లేని స్వీపర్ల సరదా పల్చబడుతుంది.

ఇంకో చిన్న మాట. ఫోన్‌లో చదివేటట్లయితే అడ్డంగా తిప్పి రెండేసి పేజీలు పెట్టుకోండి. కుడి నుంచి ఎడమకి చదివే పుస్తకం కాబట్టి ఎడమ పేజీ అడుగున, ఎడమ మూల గడి దాకా వచ్చాకే పేజీ తిప్పుతాం. ట్రెయిన్ చెయ్యి తుపాకి మీద పడటం ఆ మూల గడిలో ఉంటే, పేలడం పేజీ తిప్పాక ఉంటుంది. ఒక్కో పేజీ జరుపుతూ పోతే, రెండు పేజీల నిండా పరిచి గీసిన బొమ్మ మధ్యకి తెగిపోయి, ట్రెయిన్ ఒకసారి, తూటా ఇంకోసారి కనిపిస్తాయి.