పెట్రోలియం నూనె పిచికారీతో పురుగులు ఎలా చస్తాయి?

ముఖ్యంగా ఊపిరాడక. పురుగు ఒంటి పక్కల ఉండే శ్వాసరంధ్రాలను సన్నటి నూనె పొర మూసేస్తుంది, గుడ్లకూ గాలి అందదు. అందుకే మామూలు మందుల్లా పురుగులు దీన్ని తట్టుకునే శక్తి తెచ్చుకోవడం చాలా అరుదు. హిమాచల్, కశ్మీర్ యాపిల్ తోటల్లో కొమ్మలకు అంటుకుని రసం పీల్చే శాన్‌జోస్ పొలుసు పురుగుకు చలికాలం చివర, ఆకులు విప్పుకోకముందే, సుమారు 2 శాతం నూనెను నీళ్లలో కలిపి కొడతారు. తగిలిన పురుగే చస్తుంది. కొమ్మ అడుగున తడవకపోతే అక్కడివి హాయిగా బతికిపోతాయి. మండే ఎండలో, నీళ్లు లేక వాడిన చెట్లపై, గంధకం కొట్టిన కొన్ని వారాల్లోపు వాడితే ఆకులు మాడతాయి. చవకని డీజిల్ కొట్టే సొంత వైద్యం మాత్రం వద్దు. పంటలపై కొట్టే పెట్రోలియం నూనెలో ఆకును మాడ్చే పదార్థాలను శుద్ధిచేసి తీసేస్తారు, డీజిల్‌లో అవి అలాగే ఉంటాయి.