పక్షం అంటే ఎన్ని రోజులు?

సందేహం: 'పక్షం రోజుల్లో పని పూర్తవుతుంది' అన్నప్పుడు పదిహేను రోజులని అనుకోవాలా, పద్నాలుగని అనుకోవాలా? మొన్న పంచాంగంలో చవితి మరునాడే షష్ఠి కనిపించింది. మధ్యలో పంచమి ఏమైనట్లు?

సమాధానం: పక్షానికి పదిహేను తిథులు, పదిహేను రోజులు కావు. తిథినీ రోజునూ ఒకటిగా లెక్కించడం వల్లనే మీకు ఈ రెండు సందేహాలూ వచ్చాయి.

సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ఎడంగా జరగడానికి పట్టే కాలం ఒక తిథి. అమావాస్య ముగిసిన క్షణం నుంచి 12 డిగ్రీల దాకా పాడ్యమి, 24 దాకా విదియ. అలా 180 డిగ్రీలకు పున్నమి, 360కి మళ్ళీ అమావాస్య ముగుస్తాయి. ఈ చుట్టుకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు పడుతుంది. ముప్పై తిథులకు పంచితే ఒక్కొక్కదానికి వచ్చేది సుమారు 23 గంటల 37 నిమిషాలే. అదీ సగటు మాత్రమే. చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నప్పుడు వడిగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడుస్తాడు. కనుక ఒక తిథి 20 గంటలకే ముగియవచ్చు, మరొకటి 26 గంటలు దాటవచ్చు.

రోజుకు పేరు మాత్రం సూర్యోదయ వేళ ఉన్న తిథిని బట్టి వస్తుంది. సూర్యోదయం 6 గంటలకు అనుకోండి. సోమవారం ఉదయం 6.40 దాకా చవితి ఉంది కాబట్టి ఆ రోజు చవితి. అప్పుడు మొదలైన పంచమి మంగళవారం 5.20కే అయిపోయింది. సూర్యుడు వచ్చేసరికి షష్ఠి కూర్చుని ఉంది. పంచమి 22 గంటల 40 నిమిషాలు ఉండి కూడా ఒక్క సూర్యోదయానికీ నోచుకోలేదు. ఇదే క్షయతిథి. రెండు సూర్యోదయాలకు నిలిచినది వృద్ధితిథి. ఈ హెచ్చుతగ్గుల వల్ల పక్షం 14, 15, 16 రోజుల్లో ఏదైనా కావచ్చు. ఎప్పుడో అరుదుగా 13. పద్నాలుగు, పదిహేను, పదహారో రోజుల్లో వచ్చిన అమావాస్యలను ఎరుగుదును గాని పదమూడో రోజున వచ్చినదాన్ని ఎరగనని భీష్మపర్వంలో వ్యాసుడు ధృతరాష్ట్రుడితో అంటాడు.

అయితే 'పక్షం రోజులు' తప్పు ప్రయోగమా? కాదు. 'దాదాపు పదిహేను రోజులు' అనే అర్థంలో అది స్థిరపడిన మాట. పక్షపత్రికను ఎవరూ తిథులు చూసి వెలువరించరు. గడువు తెలిపే కాగితాల్లో మాత్రం అంకె వేయడమే క్షేమం.

చంద్రుడి చుట్టు 27 రోజులేనని చదివి తికమకపడేవారూ ఉన్నారు. అదీ నిజమే. 27 రోజుల 7 గంటల 43 నిమిషాలకు చంద్రుడు బయలుదేరిన నక్షత్రం దగ్గరికే తిరిగి వస్తాడు. ఈలోగా సూర్యుడు ముందుకు జరిగి ఉంటాడు గనుక, ఆయనను అందుకోవడానికి ఇంకో రెండు రోజుల పైచిలుకు కావాలి. అశ్విని, భరణి మొదలైన 27 నక్షత్రాలు మొదటి లెక్కకు చెందినవి. పున్నమి, అమావాస్యలు రెండో లెక్కవి.

మీరు అడగలేదు గాని, కథల్లో 'సంధ్యవేళ తూర్పున నెలవంక ఉదయించింది' అని చదివినప్పుడల్లా నాకు పెన్ను తీయాలనిపిస్తుంది. విదియనాటి చంద్రుడు ఉదయించేది పొద్దున్నే, సూర్యుడి వెనకాలే. పగలంతా ఎండవెలుగులో మరుగుపడి, సాయంత్రం పడమట కాసేపు కనిపించి అస్తమిస్తాడు. 'ఉదయించింది' బదులు 'కనిపించింది' అని రాసి, దిక్కు మారిస్తే వాక్యం కుదురుతుంది.