కాన్ఫిగర్ దగ్గరే ఆగిపోతున్న అల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

మొన్న మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. గుణుపూర్‌లో నువ్వు వేళకి తినకుండా, రాత్రి రెండింటిదాకా ఆ పాత డెస్క్‌టాప్ ముందే కూర్చుంటున్నావట. తిండి సంగతి ఆవిడే చూసుకుంటుంది. కంప్యూటర్ సంగతి, అంటే అచ్చు కాగితాల బొమ్మల్లోంచి అక్షరాలు చదివే టెసెరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ని బిల్డ్ చెయ్యబోతే కాన్ఫిగర్ దగ్గరే ఆగిపోతోందని, నాతో అన్నావు కాబట్టి రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం విని "సరే మామయ్యా, సరే" అని పెట్టేస్తావు.

ముందు ఒక మాట. ఏ సాఫ్ట్‌వేర్‌నైనా సోర్స్ నుంచి బిల్డ్ చేసే ముందు, అంటే దాని కోడ్ తెచ్చుకుని మన మెషీన్‌లోనే కంపైల్ చేసే ముందు, ఆ అవసరం నిజంగా ఉందా అని చూసుకోవాలి. తాతయ్య పెట్టెలోని కరపత్రాలకి ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మన ఊరు అటు వెళ్ళింది కానీ, ఇళ్ళల్లో రెండు భాషలూ అలాగే ఉండిపోయాయి. వాటిని టెసెరాక్ట్‌తో చదివించాలన్న నీ ఆలోచన నాకు బాగా నచ్చింది. అచ్చు కాగితాల వరకే సుమా, చేతిరాత మీద ఆశ పెట్టుకోకు. నీ మెషీన్‌లో ఉబుంటు లినక్స్ 20.04 ఉంది, దాని ప్యాకేజీలు దించే ఆప్ట్‌లో దొరికే టెసెరాక్ట్ 4.1.1. నీకు 5 కావాలి, సరే, సోర్స్ నుంచే చెయ్యి. కానీ టెసెరాక్ట్ బొమ్మల్ని తెరవడానికి వాడుకునే లెప్టోనికా అనే లైబ్రరీని కూడా సోర్స్ నుంచి ఎందుకు చేసుకున్నావు? టెసెరాక్ట్ అడిగేది 1.74 లేదా ఆపైది. ఉబుంటు 20.04లోనే 1.79 ఉంది. లిబ్‌లెప్టోనికా-డెవ్ ప్యాకేజీ వేసుకుంటే సగం తలనొప్పి అక్కడే తీరేది. కావలసిన ఒక్కటే సోర్స్ నుంచి చెయ్యాలి, దాని కింద ఉన్నవన్నీ వీలైనంతవరకు డిస్ట్రో, అంటే నీకైతే ఉబుంటు, ఇచ్చినవే వాడాలి.

ఇక ఎర్రర్ వచ్చిందని నువ్వు పంపిన ఫోటో. తెర అడుగున ఉన్న నాలుగు లైన్లు, వాటి మీద ట్యూబ్‌లైట్ మెరుపు. అందులోంచి ఎవరూ ఏమీ చెప్పలేరు.

కాన్ఫిగర్ అనేది కంపైల్ చేసే ముందు నడిపే ఒక షెల్ స్క్రిప్టు. అది నీ మెషీన్‌ని వరసగా ప్రశ్నలు వేస్తూ పోతుంది: కంపైలర్ ఉందా, ఫలానా హెడర్ (లైబ్రరీలో ఏమేమి ఉన్నాయో కంపైలర్‌కి చెప్పే ఫైలు) ఉందా, ఫలానా ఫంక్షన్ లింక్ అవుతుందా అని. చాలా ప్రశ్నలకి కాన్ఫ్‌టెస్ట్.సి అని ఒక బుల్లి ప్రోగ్రాం రాసి, కంపైల్ చేసి చూసి, చెరిపేస్తుంది. తెర మీద నీకు కనిపించేది ఎస్, నో అన్న జవాబు మాత్రమే. నో ఎందుకు వచ్చిందో, కంపైలర్ ఏమని తిట్టిందో మొత్తం అదే ఫోల్డర్లో కాన్ఫిగ్.లాగ్ అనే ఫైల్లో రాసి ఉంటుంది. నువ్వు ఆ ఫైలు ఒక్కసారైనా తెరవలేదని నాకు తెలుసు. ఎవరూ తెరవరు.

తెరిచాక నేరుగా అడుక్కి వెళ్ళకు. అడుగున ఉండేవి వేరియబుళ్ళు, ఎసి_సివి అంటూ వందల లైన్లు, వాటితో నీకు పని లేదు. తెర మీద వచ్చిన ఎర్రర్ మాటల్నే ఫైల్లో వెతికి, దొరికిన చోటునుంచి పైకి చదువు. "ఫెయిల్డ్ ప్రోగ్రామ్ వాజ్" అని ఒక లైను తగులుతుంది. దానికి సరిగ్గా పైన ఉండేదే కంపైలర్ చెప్పిన అసలు మాట. ఇక్కడ ఒక జాగ్రత్త. లాగ్‌లో అలా ఫెయిలైన బుల్లి ప్రోగ్రాములు బోలెడు ఉంటాయి, అన్నీ తప్పులు కావు. ఈ సిస్టమ్‌లో ఫలానా ఫంక్షన్ లేదు అని తేల్చుకోవడానికి అవి ఫెయిల్ అవ్వాల్సిందే. నీకు కావలసింది స్క్రిప్టు ఆగిపోయిన చోట ఉన్నది.

ఉదాహరణకి "సి కంపైలర్ కెనాట్ క్రియేట్ ఎగ్జిక్యూటబుల్స్" అని వచ్చిందనుకో. కంపైలర్ పాడైందని జీసీసీని తీసేసి మళ్ళీ వేస్తారు చాలామంది. లాగ్‌లో చూస్తే ఒకడికి, ప్రోగ్రాంకి లింకర్ జతచేసే సీఆర్‌టీ1.ఓ అనే ఫైలు దొరకలేదని ఉంటుంది, అంటే కంపైలర్ ఉంది కానీ లిబ్‌సి6-డెవ్ లేదు. బిల్డ్-ఎసెన్షియల్ వేస్తే సరిపోతుంది. ఇంకొకడికి డిస్క్ నిండిపోయిందని ఉంటుంది. మరొకడు ఎప్పుడో, టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే బాష్ఆర్‌సి ఫైల్లో ఎల్‌డీఫ్లాగ్స్ అని లింకర్‌కి ఏదో రాసి మర్చిపోయి ఉంటాడు, లింకర్ అది తీసుకుని లేని లైబ్రరీ కోసం వెతికి, దొరక్క ఆగిపోతుంది. తెర మీద ముగ్గురికీ అదే మాట, రోగాలు మూడు. ఎర్రర్ మాటని గూగుల్లో కొట్టి ఎవడో చెప్పిన సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే) కమాండు దించేవాళ్ళు, ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టే చేస్తారు.

నువ్వు "లెప్టోనికా ఇన్‌స్టాల్ చేశాను, అయినా లేదంటోంది" అన్నావు కదా. అబద్ధం నువ్వూ చెప్పలేదు, అదీ చెప్పలేదు. ఎక్కడ పెట్టాలో చెప్పే ప్రిఫిక్స్ ఆప్షన్ ఇచ్చి నీ హోమ్ ఫోల్డర్లో లోకల్ అన్న చోట పెట్టావు. టెసెరాక్ట్ కాన్ఫిగర్ లెప్టోనికా కోసం డిస్క్ అంతా గాలించదు. పీకేజీ-కాన్ఫిగ్‌ని అడుగుతుంది. ఆ పీకేజీ-కాన్ఫిగ్ తనకి తెలిసిన కొన్ని ఫోల్డర్లలో లెప్ట్.పీసీ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉందా అని చూస్తుంది, అంతే. నీ ఫైలు హోమ్‌లో లోకల్, దాని కింద లిబ్, దాని కింద పీకేజీకాన్ఫిగ్ అన్న ఫోల్డర్లో ఉంది. ఆ దారిని పీకేజీ_కాన్ఫిగ్_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లో పెట్టి ఎక్స్‌పోర్ట్ చెయ్యి. తర్వాత కాన్ఫిగర్ నడిపే ముందే పీకేజీ-కాన్ఫిగ్‌ని మాడ్‌వెర్షన్ ఆప్షన్‌తో లెప్ట్ అని అడుగు. వెర్షన్ నంబర్ చెబితే కాన్ఫిగర్ కూడా ఒప్పుకుంటుంది. చెప్పకపోతే కాన్ఫిగర్‌ని ఎన్నిసార్లు నడిపినా దండగే. ఆ లెప్ట్.పీసీని ఒకసారి కాట్ చేసి చదువు, పది పన్నెండు లైన్లు ఉంటుంది, ఇందులో మాయేమీ లేదని నీకే తెలుస్తుంది.

డెవ్ ప్యాకేజీల గొడవ కూడా ఇలాంటిదే. ప్రోగ్రాం నడవడానికి లైబ్రరీ ఒక్కటి చాలు. కంపైల్ చెయ్యాలంటే హెడర్లూ ఆ పీసీ ఫైలూ కావాలి. డెబియన్, ఉబుంటుల్లో అవి డెవ్ అన్న తోక ఉన్న ప్యాకేజీలో, ఫెడోరాలో డెవెల్ అన్న తోకతో ఉంటాయి. ఫలానా హెడర్ ఏ ప్యాకేజీలో ఉందో తెలియకపోతే ఆప్ట్-ఫైల్ అనేది వేసుకుని దాన్ని అడుగు.

ఇప్పటిదాకా చెప్పినవి ఆగిపోయి అరిచే ఎర్రర్లు. వాటితో నాకు భయం లేదు. ఆగకుండా నో అనేసి ముందుకు వెళ్ళిపోయేవాటితోనే టెన్షన్.

నీ లెప్టోనికా సంగతే చూడు. దాని కాన్ఫిగర్ నడుస్తున్నప్పుడు, పీఎన్‌జీ బొమ్మలు చదివే లిబ్‌పీఎన్‌జీ ఉందా అని అడుగుతుంది. నీ మెషీన్‌లో లిబ్‌పీఎన్‌జీ-డెవ్ లేదు. నో అని ఒక లైను రాసి, ఆ సదుపాయం తీసేసి, మిగతాది హాయిగా పూర్తి చేస్తుంది. తర్వాత అసలు కంపైల్ చేయించే మేక్ కూడా అయిపోతుంది. టెసెరాక్ట్ కూడా బిల్డ్ అవుతుంది. నువ్వు సంబరంగా స్కాన్ చేసిన పీఎన్‌జీ బొమ్మ ఇచ్చాక "ఫంక్షన్ నాట్ ప్రెజెంట్" అంటుంది. అప్పుడు నువ్వు టెసెరాక్ట్ సోర్సులో తప్పు వెతుకుతూ ఒక రాత్రి పోగొట్టుకుంటావు. తప్పు జరిగింది అంతకు ముందు ఇంకో ఫోల్డర్లో, నువ్వు టీ తాగడానికి లేచినప్పుడు తెర మీద పైకి వెళ్ళిపోయిన ఒక లైనులో.

దీనికి విరుగుడు రెండు. కాన్ఫిగర్ నడిపేటప్పుడు దాని అవుట్‌పుట్‌ని టీ అనే కమాండ్‌తో ఒక ఫైల్లోకి కూడా పంపుకుని, తర్వాత అందులో నో అన్న లైన్లన్నీ గ్రెప్ అనే కమాండ్‌తో వెతికి చదవడం ఒకటి. అన్నీ పట్టించుకోనక్కర్లేదు, పేరు చూస్తే నీకు కావలసినవి తెలిసిపోతాయి. రెండోది ఇంకా గట్టిది. నీకు తప్పనిసరి అయినదాన్ని ఆప్షన్‌గా నోటితో చెప్పు: విత్-లిబ్‌పీఎన్‌జీ అని ఇస్తే లెప్టోనికా కాన్ఫిగర్ ఇక మెల్లగా తప్పుకోదు, లైబ్రరీ దొరక్కపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఇలాంటి ఆప్షన్లు ఏమేమి ఉన్నాయో కాన్ఫిగర్‌కి హెల్ప్ అని ఇస్తే చూపిస్తుంది. అన్నీ అయ్యాక టెసెరాక్ట్‌ని వెర్షన్ అడిగితే తన నంబరుతో పాటు లెప్టోనికాదీ, దాని వెనక ఉన్న లిబ్‌జెపెగ్, లిబ్‌పీఎన్‌జీలవీ చెబుతుంది. ఆ వరసలో లిబ్‌పీఎన్‌జీ కనబడిందా లేదా చూసుకో. లేకపోతే డెవ్ ప్యాకేజీ వేసి, లెప్టోనికాలో పాత బిల్డంతా తుడిచేసే మేక్ డిస్ట్‌క్లీన్ కొట్టి మళ్ళీ మొదలుపెట్టు. అది షేర్డ్ లైబ్రరీ (ప్రోగ్రాం నడిచేటప్పుడు వచ్చి కలిసేది) అయితే టెసెరాక్ట్‌ని మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు.

టెసెరాక్ట్ కాన్ఫిగర్లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. ఐసీయూ, పాంగో అనే లైబ్రరీలు దొరక్కపోతే ట్రైనింగ్ టూల్స్ బిల్డ్ కావు అని వార్నింగ్ ఇచ్చి సాగిపోతుంది. నీకు ట్రైనింగ్ ఇప్పుడు అక్కర్లేదు కాబట్టి దాన్ని చూసి బెంగపెట్టుకోకు. ఎర్రర్లు పట్టించుకోవడం ఎంత ముఖ్యమో, ఏ వార్నింగ్ వదిలెయ్యాలో తెలియడం కూడా అంతే.

నీ పాత డెస్క్‌టాప్ గురించి ఒక అనుమానం ఉంది. దాని బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ, సీఆర్ 2032, అయిపోయి ఉంటే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. నెట్ ఉంటే సర్దుకుంటుంది, లేకపోతే లేదు. అప్పుడు కాన్ఫిగర్ కొత్తగా చేసిన ఫైలు పాతవాటి కంటే పాతదిగా ఉంది, గడియారం చూసుకో అంటుంది. మేక్ అయితే క్లాక్ స్క్యూ అంటుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ మేక్‌ని రాసిందే, సరిచేసిన ఫైలుని మళ్ళీ కంపైల్ చెయ్యడం మర్చిపోయి బాగున్న ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ ఒక సహోద్యోగి ఒక ఉదయమంతా పోగొట్టుకున్నాడని. ఏ ఫైలు కొత్తదో, ఏది పాతదో మేక్ టైమ్‌స్టాంప్ చూసే తేల్చుకుంటుంది. టైమే తప్పయితే దానికి దిక్కు లేదు. బ్యాటరీ మార్చు, పెద్ద ఖర్చు కాదు.

ఫోల్డర్ పేరులో ఖాళీ ఉండకూడదు. "న్యూ ఫోల్డర్" లోపల సోర్స్ విప్పితే బిల్డ్ మధ్యలో ఎక్కడైనా తెగిపోవచ్చు. విండోస్‌లో గిట్‌తో క్లోన్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న సోర్స్ అయితే లైన్ల చివర కనబడని అక్షరం చేరి స్క్రిప్టులు "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటాయి. లినక్స్‌లోనే మళ్ళీ క్లోన్ చేసుకో, ఒక్కొక్క ఫైలూ సర్దుతూ కూర్చోకు. మేక్‌ఫైల్‌ని వాట్సాప్‌లోంచి కాపీ చేస్తే ట్యాబులు స్పేసులైపోయి "మిస్సింగ్ సెపరేటర్" వస్తుంది.

మేక్ దశకి వచ్చాక జె ఆప్షన్‌తో ఒకేసారి చాలా ఫైళ్ళు నడుపుతావు కదా, అప్పుడు ఎర్రర్లు కలగాపులగం అవుతాయి. ఆగిపోతే జె1 పెట్టి మళ్ళీ నడుపు. మొదట వచ్చిన ఎర్రరే లెక్క, దాని కింద వచ్చే యాభై దాని పిల్లలు. సీసీ1ప్లస్ (కంపైలరే అది) కిల్డ్ అని వస్తే అది కోడ్ తప్పు కాదు, ర్యామ్ చాలలేదు. నీ 4 జీబీ మెషీన్‌లో జె2 దాటకు. సుడో మాత్రం మేక్ ఇన్‌స్టాల్‌కి తప్ప వాడకు. సుడో మేక్ కొట్టావంటే ఫైళ్ళన్నీ రూట్ పేరు మీదకి పోయి, మర్నాడు మామూలుగా మేక్ కొడితే పర్మిషన్ లేదంటుంది. అయినా హోమ్ ఫోల్డర్లో పెట్టుకునేవాడికి ఇన్‌స్టాల్‌కి కూడా సుడో ఎందుకు?

కాన్ఫిగర్ బదులు సీమేక్ అనేది వాడే ప్రాజెక్టులు తగిలితే ఒక్కటి గుర్తుంచుకో. ఒకసారి దొరకలేదు అని తేల్చుకున్నది అది సీమేక్‌క్యాష్.టీఎక్స్‌టీలో రాసి పెట్టుకుంటుంది. నువ్వు ప్యాకేజీ వేసినా పాత జవాబే పట్టుకుని కూర్చోవచ్చు. బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్ళీ చెయ్యి, లేదా 3.24 నుంచి ఉన్న ఫ్రెష్ ఆప్షన్ వాడు.

అన్నీ సరిగా అయ్యాక కూడా డేటా ఫైలు తెరవలేకపోయానని టెసెరాక్ట్ అంటుంది, కంగారు పడకు. సోర్స్‌తో భాషల డేటా రాదు. తెలుగుకి టెల్, ఒడియాకి ఓరి అన్న ట్రెయిన్డ్‌డేటా ఫైళ్ళు విడిగా దించుకుని, అవి ఉన్న ఫోల్డర్ని టెస్‌డేటా_ప్రిఫిక్స్‌లో చెప్పాలి. రెండు లిపులూ ఒకే కాగితంలో ఉంటే ఎల్ ఆప్షన్‌కి టెల్, ప్లస్ గుర్తు, ఓరి అని కలిపి ఇవ్వొచ్చు. కానీ నీ కరపత్రాలకి భాష పక్క మారుతుంది కాబట్టి, ఏ పక్కని ఆ భాషతో విడిగా చదివించి చూడు. నాకైతే అదే మేలనిపిస్తుంది.

మళ్ళీ ఆగితే నాకు పంపాల్సినవి: నువ్వు కొట్టిన కమాండు ఉన్నదున్నట్టు, కాన్ఫిగ్.లాగ్ ఫైలు మొత్తం, పీకేజీ-కాన్ఫిగ్ చెప్పిన వెర్షన్. మెయిల్లో పెట్టు. రాత్రి పదిలోపు పంపితే అదే రోజు చూస్తాను.

ఇట్లు
మామయ్య