బీకాం తర్వాత సైకాలజీ చదవొచ్చా?

ప్రశ్న: మేడం గారూ, మాది పిఠాపురం దగ్గర పల్లెటూరు. కాకినాడలో బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీకి వచ్చిన ఒకాయన సోషల్, ఆర్గనైజేషనల్ సైకాలజీ గురించి చెప్పినప్పటి నుంచీ అదే చదవాలని ఉంది. నాన్నేమో "పిచ్చాసుపత్రిలో ఉద్యోగం చేస్తావా?" అంటున్నారు. బీకాం వాళ్లకి సీటిస్తారా? ఉద్యోగాలు వస్తాయా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నాన్నగారు అనుకుంటున్నది క్లినికల్ సైకాలజీ. దాని దారి వేరు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా కావాలి. నువ్వు అడిగింది మామూలు మనుషులు నలుగురిలో చేరినప్పుడు ఎలా మారతారు, పనిచేసే చోట ఎందుకు హుషారుగా ఉంటారు, ఎందుకు మానేసి పోతారు అనే చదువు.

ఈ చదువుకి మీ కాకినాడతోనే సంబంధం ఉందని నాన్నగారికి చెప్పు. 1964లో అమెరికా సైకాలజిస్టు డేవిడ్ మెక్‌క్లెలండ్ బృందం కాకినాడ వ్యాపారుల్ని హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకి, అప్పట్లో సియెట్ అనేవారు, పిలిపించి, ఏదైనా సాధించాలన్న పట్టుదల పెంచే శిక్షణ కొద్ది రోజులు ఇచ్చింది. శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులతో తర్వాత పోల్చి చూస్తే, కొత్త పనులు మొదలుపెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో కాకినాడ వాళ్లు ముందున్నారు. ఒక ఊరిని ఇంకో ఊరితో పోల్చారు చూడు, ఈ సబ్జెక్టుకి ప్రాణం అక్కడే ఉంది. అందుకే స్టాటిస్టిక్స్ తప్పదు. మనుషుల గురించి కబుర్లు చెప్పుకోవచ్చని చేరి, లెక్కలు చూసి బెదిరిపోయే పిల్లలు చాలామంది ఉంటారు. బీకాంలో స్టాటిస్టిక్స్ చదివావు కాబట్టి నీకు అంత భయం ఉండదు.

సీటు విషయానికొస్తే, దూరవిద్యలో ఇగ్నో ఎంఏ సైకాలజీకి ఇదివరకు ఏ డిగ్రీ అయినా సరిపోయేది, రెండో ఏడు ఇండస్ట్రియల్, ఆర్గనైజేషనల్ సైకాలజీ ఎంచుకునేవాళ్లు, కానీ సైకాలజీని దూరవిద్యలో చెప్పొద్దని 2025లో యూజీసీ ఆపేసింది. కాబట్టి రెగ్యులర్‌గానే చదవాలి, అందుకు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలో ఎస్వీయూ, హైదరాబాద్‌లో ఉస్మానియా ఉన్నాయి. ఏ డిగ్రీ వాళ్లని తీసుకుంటారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకో, ఎవరో చెప్పారని నమ్మొద్దు.

ఉద్యోగాల దగ్గర నిజం చెప్తాను. సైకాలజిస్టు అనే పేరుతో పోస్టులు తక్కువ. సైన్యంలో ఆఫీసర్ల ఎంపిక జరిగే ఎస్‌ఎస్‌బీల్లో, డీఆర్‌డీఓలో, రైల్వేలో లోకో పైలట్ల లాంటి వాళ్లకి పెట్టే ఆప్టిట్యూడ్ పరీక్షల వెనకా సైకాలజిస్టుల పని ఉంది. ఎక్కువమంది మాత్రం హెచ్‌ఆర్, ట్రైనింగ్, ఉద్యోగుల సర్వేలు, వస్తువులో యాప్‌లో వాడేవాళ్ల తీరు తెలుసుకునే యూజర్ రీసెర్చ్ వైపు వెళ్తారు, హెచ్‌ఆర్‌లో మొదట్లో ఎంబీఏ వాళ్లతో పోటీ పడాలి. లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్ పాసైతే కాలేజీలో పాఠాలు చెప్పొచ్చు.

అయినా ఈ చదువు చదివినవాళ్లు అడిగే ప్రశ్నలే వేరు. నేను హెచ్‌ఆర్‌లో ఉన్న ఒక ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు ఆడపిల్లలు వరసగా మానేస్తుంటే జీతం చాల్లేదేమో అనుకుని పై వాళ్లు ఇన్సెంటివ్ పెంచారు, ఫలితం లేదు. మానేసిన వాళ్ల ఇళ్లకి వెళ్లి అడిగితే తెలిసింది, రాత్రి బస్సు మెయిన్ రోడ్డు మీద దింపేస్తోంది, అక్కణ్ణుంచి చీకట్లో ఊళ్లోకి నడిచిపోవాలి. ఊళ్లోకే బస్సు వేయమని వాదించి వేయించాం. మానేయడం బాగా తగ్గింది. అంతకుముందు నెలల తరబడి ఎవరూ వెళ్లి అడగలేదని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నువ్వు కూడా ఎంఏ దాకా ఆగకు. ఈ వేసవిలోనే మీ దగ్గర ఏ రొయ్యల ప్లాంటులోనో, బట్టల షాపులోనో యజమానిని అడిగి పది మంది పనివాళ్లతో మాట్లాడు. ఎందుకు చేరారు, ఎందుకు ఉన్నారు, ఎప్పుడు మానేద్దామనుకున్నారు అని అడిగి రాసుకో. ఆ పది మాటలూ రాసుకున్నాక ఇంకో పది మందిని అడగాలనిపిస్తే వెంటనే అప్లికేషన్ పెట్టెయ్.